ప్రాయశ్చిత్త కల్యాణం: రక్షణ శాఖ వారికి ఒక విన్నపం

పదవీ విరమణ చేసిన సైనికుడు అరవై దాటాక మళ్లీ పెళ్లి చేసుకోవడం పూర్తిగా అతని సొంత వ్యవహారమనీ, అందులో ఇరుగుపొరుగు వారికి గానీ వ్యాసకర్తలకు గానీ పని లేదనీ వాదించే సంస్కారవంతులు మన మధ్య ఉన్నారు. వారి సంస్కారానికి నమస్కరిస్తూనే వారితో విభేదించక తప్పడం లేదు. సొంత వ్యవహారమే అయితే ఆ పెళ్లికి దంపతుల జాయింట్ ఫొటో, వివాహ ధ్రువీకరణ పత్రం, నోటరీ చేయించిన అఫిడవిట్ జతచేసి రికార్డు ఆఫీసుకు పంపవలసిన అవసరం ఏమొచ్చింది? కొత్త భార్య పేరు పింఛను ఉత్తర్వులోకి ఎక్కే దాకా పెళ్లి సగమే జరిగినట్టు సుబేదారు గారు అర్ధరాత్రి లేచి సైనిక పింఛన్ల స్పర్శ్ పోర్టల్‌లో పాస్‌వర్డు కొట్టుకుంటూ కూర్చోవడం దేనికి? పురోహితుడు దగ్గరుండి వేయించే మూడు ముళ్లకు తోడు ప్రభుత్వం వేసే నాలుగో ముడి ఒకటి ఉన్నప్పుడు, దాన్ని గురించి నలుగురూ మాట్లాడుకోవడం తప్పు కాదు సరికదా, పౌరులుగా మన బాధ్యత.

ముందుగా ఒక మనవి. ఈ వ్యాసంలో సుబేదారు గారంటే ఒక మనిషి కాదు, పలువురిని కలిపి కట్టిన మూర్తి. తాడేపల్లిగూడెం దగ్గర జనం మిలిటరీ మాధవరం అని పిలుచుకునే ఊరిలోనూ, ప్రకాశం జిల్లా పడమటి పల్లెల్లోనూ, హైదరాబాదులో సైనిక్‌పురి, యాప్రాల్ వైపు కాలనీల్లోనూ ఆయన కనబడతారు. ఆయన వరండాలో నల్ల రంగు ఇనప ట్రంకు పెట్టె, దాని మీద తెల్ల పెయింటుతో నంబరు, ర్యాంకు, పేరు ఉంటాయి. హాల్లో అద్దాల బీరువాలో పతకాలు, వాటి పక్కనే మనవడు వదిలేసి వెళ్లిన చక్రం ఊడిన కారు బొమ్మ ఉంటాయి. తెల్లవారుజామున అయిదింటికి ఆయన లేస్తారు, కాబట్టి వీధి కూడా లేస్తుంది. ఏటా నవంబరులో వేలిముద్ర వేసి తాను బతికే ఉన్నానని ప్రభుత్వానికి రుజువు చేసుకుంటారు. ఆ రుజువు ప్రభుత్వానికి చాలుతోంది గానీ ఆయనకే చాలడం లేదు. అందుకే ఒకనాటి సాయంత్రం, క్యాంటీను కోటాలో వచ్చిన రమ్ము సీసా సగానికి దిగిన వేళ, తాను మళ్లీ పెళ్లి చేసుకోదలచుకున్నాననీ, అది సుఖం కోసం కాదనీ, చేసిన తప్పుకు ప్రాయశ్చిత్తమనీ ఆయన ప్రకటించారు. ఆ మాట విని వీధిలో పెద్దవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. తుడుచుకున్నవారిలో తొంభై శాతం మగవాళ్లేనని ఒక దుష్ప్రచారం ఉంది, నేను లెక్కపెట్టలేదు.

ఇంతకీ ఆయన చేసిన తప్పేమిటి? యుద్ధమనుకుంటే పొరపాటు. శాంతి సేనతో శ్రీలంకలో గడిపిన రోజుల గురించీ, 1999 కార్గిల్ గురించీ, 2001 డిసెంబరులో మొదలై మరుసటి ఏడాది అక్టోబరు దాకా సరిహద్దులో మందుపాతరలు పరుచుకుని ఎదురుచూసిన ఆపరేషన్ పరాక్రమ్ గురించీ ఎవరడిగినా, అడగకపోయినా ఆయన చెబుతారు. వాటి విషయంలో ఆయన మనస్సాక్షి బూట్లలాగే తళతళలాడుతూ ఉంటుంది. ఆయన గొంతు తగ్గేది ఒక్కచోటే, ఇంటి దగ్గర. పోయిన భార్యను తాను చూసుకోలేదు. చూసుకోవడం మాట అటుంచి, సరిగ్గా చూడను కూడా లేదు. ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల కాజువల్ లీవు చొప్పున, ఒక్క రోజు కూడా కోత పడలేదనుకుంటే, 30 ఏళ్ల సర్వీసులో 2,700 రోజులు. అంటే ఏడున్నరేళ్లకు కొంచెం తక్కువ. అందులోంచి జమ్ము తావీ నుంచి విజయవాడకు రిజర్వేషను లేని బోగీలో పడిన ప్రయాణాలు తీసివేయాలి, టెలిగ్రాం వచ్చి మధ్యలో రద్దయిన సెలవులు తీసివేయాలి, సెలవు మీద వచ్చినవాడిని స్నేహితులు వదలక ఊరి సెంటరులోనే కూర్చోబెట్టుకున్న సాయంత్రాలు తీసివేయాలి. సరిహద్దుకు దూరంగా పీస్ స్టేషనులో కుటుంబంతో ఉండే క్వార్టరు దొరికిన రెండు మూడేళ్లను కలపాలి, న్యాయం న్యాయమే. ఎలా కూడినా, తీసినా, ఆ ఇల్లాలి సంసారంలో మగమనిషి ప్రధానంగా మనియార్డరు రూపంలోనే ఉండేవాడని తేలుతుంది.

ఆయన రిటైరయ్యాకైనా ఇంట్లో ఉన్నారా అంటే, సైన్యం మనిషిని నలభైల్లోనే ఇంటికి పంపుతుంది, ఇల్లు మాత్రం పోషణకు డబ్బడుగుతుంది. కాబట్టి ఆయన ఒక బ్యాంకు గుమ్మం ముందు తుపాకీ పట్టుకుని మరో పన్నెండేళ్లు నిలబడ్డారు. దేశ సరిహద్దును కాపాడినవాడు పొదుపు ఖాతాలను కాపాడాడు. కాపలా లేనిది ఒక్క ఇంటికే.

ఇక్కడ సైనిక శాస్త్రానికి సంబంధించిన ఒక చిక్కుముడి ఉంది. సైన్యంలో స్టోర్సుకు నష్టం జరిగితే ఊరికే వదలరు. ఎలా పోయింది, ఎవరి నిర్లక్ష్యం, ఎవరి దగ్గర వసూలు చేయాలి అని కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ కూర్చుంటుంది, సాక్షుల్ని పిలుస్తుంది, కాగితాల మీద కాగితాలు రాయిస్తుంది. ఒక యూనిట్‌లో పోయిన వస్తువును మరొక యూనిట్‌కు కొత్తది కొనిచ్చి సర్దుబాటు చేశానంటే ఏ కమాండింగ్ ఆఫీసరూ ఒప్పుకోడు. ఈ సూత్రాన్ని ముప్పై ఏళ్లు తు.చ. తప్పకుండా పాటించిన మనిషి, ఒక స్త్రీకి జరిగిన నష్టాన్ని ఇంకొక స్త్రీకి పూడ్చి ఖాతా మూసేస్తానంటున్నాడు. అప్పు ఒకరి దగ్గర, చెల్లు మరొకరి దగ్గర. పైగా అప్పు తీర్చినవాడు తానే, రసీదు రాసుకున్నవాడు తానే, సాక్షి సంతకం చేసినవాడు కూడా తానే.

పిల్లల అభ్యంతరాల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. కూకట్‌పల్లిలో ఉన్న కూతురు అమ్మ ఫొటో తీయొద్దని ఏడ్చింది. డాలస్‌లో ఉన్న కొడుకు ‘నాన్నగారికి వంటమనిషిని పెడదాం’ అని వీడియో కాల్‌లో సూచించాడు. ఆ తరువాత రెండు నిమిషాలకే ప్రభుత్వం అసైన్ చేసిన పొలం పట్టా ఎక్కడుందని అడిగాడు. తండ్రి ప్రాయశ్చిత్తం మీద అనుమానం ఉన్నవారికి కొడుకు మాతృభక్తి మీద కూడా కొంత అనుమానం ఉండడం ఆరోగ్యకరం.

పెళ్లిచూపులకు నేను పక్కింటివాడి హోదాలో హాజరయ్యాను. వధువు అనవలసిన ఆవిడకు నలభై ఎనిమిదేళ్లు ఉంటాయి. అంగన్‌వాడీ టీచరు. ముప్పై దాటకముందే భర్త పోతే, ఉన్న ఒక్క కూతురినీ చదివించి, పెళ్లి చేసి పంపించి, ఇప్పుడు తమ్ముడి ఇంట్లో ఒక గదిలో ఉంటోంది. ఆవిడ కుర్చీ అంచున కూర్చోలేదు, వెనక్కి ఆనుకుని కూర్చుంది. ఈ ఒక్క విషయం సుబేదారు గారి అక్కగారికి మొదటి చూపులోనే నచ్చలేదు. అయినా ప్రశ్నలు మొదలయ్యాయి. ‘ఏమ్మా, ఇన్సులిన్ సూది వేయడం వచ్చా?’ ‘రాత్రిపూట ఒకటికి రెండుసార్లు లేవగలవా?’ ‘మా తమ్ముడికి మడత పడిన చొక్కా గిట్టదు, ఇస్త్రీ బయటికి ఇవ్వడు, అలవాటు చేసుకుంటావా?’ ‘మోకాళ్ల నొప్పులేమీ లేవు కదా?’ సైన్యంలో భర్తీకి మైలు దూరం పరుగు, ఛాతీ కొలత ఉంటాయని వినడమే తప్ప ఇంత సమగ్రమైన వైద్య పరీక్ష నేను ఎక్కడా చూడలేదు. ప్రాయశ్చిత్తం చేసుకునేది ఆయన గదా, దేహదారుఢ్య పరీక్ష ఆవిడకెందుకని ఒక సందేహం కలిగింది. ఉప్మా వచ్చింది, సందేహం ఆగిపోయింది.

ఆ తరువాత ఆవిడ, ‘నేను కూడా రెండు మాటలు అడగొచ్చాండీ?’ అంది. సుబేదారు గారు తల ఊపారు.

‘మీ ఇంటావిడ ఏ జబ్బుతో పోయారండీ?’

‘అప్పుడు నేను బ్యాంకులో నైట్ డ్యూటీలో ఉన్నానండి.’

‘అబ్బాయి పుట్టింది ఈ ఊళ్లోనేనా?’

‘అప్పుడు మా యూనిట్ జాఫ్నాలో ఉంది.’

‘అమ్మాయికి సంబంధం ఎవరు చూశారు?’

‘అప్పుడు తేజ్‌పూర్.’

ఆవిడ ఇంకేమీ అడగలేదు. ఒక స్త్రీ జీవిత చరిత్ర మొత్తాన్ని ఆమె ఎన్నడూ చూడని ఊళ్ల పేర్లతో చెప్పగలగడం సామాన్యులకు సాధ్యమయ్యే పని కాదు. ఆ క్షణంలో అక్కగారు కల్పించుకుని, ‘మా మరదలు బంగారం, పల్లెత్తు మాట అనేది కాదు’ అని సర్ది చెప్పారు. పల్లెత్తు మాట అనడానికి ఎదురుగా మనిషి ఉండాలన్న సాంకేతిక వివరాన్ని ఎవరూ లేవనెత్తలేదు.

పురాణ ప్రమాణం లేనిదే మనవారు దేనికీ ఒప్పుకోరు గనుక శంతనుణ్ణి ఒకసారి తలచుకోవాలి. యుద్ధాలు చేసి, రాజ్యమేలి, మొదటి భార్య వెళ్లిపోయాక ముదిమిలో ఆయన సత్యవతిని కోరాడు. పెళ్లి జరిగింది. దాని ఖరీదు తండ్రి కట్టలేదు. కొడుకు రాజ్యం వదులుకుని, పెళ్లి వదులుకుని, చివరికి అంపశయ్య మీద పడుకుని కట్టాడు. ముసలి యోధుడి కల్యాణానికి బిల్లు ఎవరి పేరున వస్తుందో మహాభారతం చాలా స్పష్టంగా చెప్పింది. మనం భీష్మ ప్రతిజ్ఞను మెచ్చుకుని బిల్లు సంగతి వదిలేశాం.

అయితే ఈ రంగంలో అసలు పరిశోధన జరిగినది అమెరికాలో. 1861 నుంచి 1865 దాకా ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాలు కొట్టుకున్నాక, గెలిచిన కేంద్ర ప్రభుత్వం తన సైనికులకు, వారి వితంతువులకు పింఛన్లు ఇచ్చింది. ఆ సైనికులు ముసలివాళ్లయ్యారు, భార్యలు పోయారు, పింఛను మాత్రం పోలేదు. అప్పుడు పల్లెల్లో పేద కుటుంబాల ఆడపిల్లలకు, తాత వయసున్న సైనికులకు పెళ్లిళ్లు జరిగాయి. యుద్ధం ముగిసిన 60, 70 ఏళ్లకు కూడా జరిగాయి. అందులో మోజ్ ట్రిప్లెట్ అనే ఆయన కథ మన సుబేదారు గార్లందరూ చదవదగినది, ఎందుకంటే ఆయన దగ్గర నిజంగానే ప్రాయశ్చిత్తం చేసుకోదగిన సరుకు ఉంది.

ఆయన 1846లో పుట్టాడు. మొదట దక్షిణాది సైన్యంలో చేరాడు. ఆయన ఉన్న 26వ నార్త్ కరోలినా రెజిమెంటు 1863లో గెటిస్‌బర్గ్ యుద్ధానికి వెళుతుండగా ఆయనకు జబ్బు చేసి వెనక ఆస్పత్రిలో ఉండిపోయాడు, అక్కడి నుంచి పారిపోయాడు. గెటిస్‌బర్గ్‌లో ఆ రెజిమెంటులోని సుమారు 800 మందిలో 734 మంది చనిపోవడమో, గాయపడడమో, శత్రువుకు చిక్కడమో జరిగింది. మరుసటి ఏడాది ఆయన ఎదుటి పక్షమైన ఉత్తరాది సైన్యంలో చేరాడు. యుద్ధమయ్యాక తిరిగి వచ్చి ఉన్నది మళ్లీ నార్త్ కరోలినాలోనే, విల్క్స్ కౌంటీలో, తాను వదిలివచ్చిన సైన్యంలో కొడుకుల్ని పోగొట్టుకున్న ఇరుగుపొరుగుల మధ్య. మొదటి భార్య పోయాక, 1924లో, 78వ ఏట ఎలైడా హాల్ అనే ఆమెను పెళ్లాడాడు. వాళ్లిద్దరికీ వయసులో సుమారు అర్ధ శతాబ్దం తేడా. 1930లో వాళ్లకు ఐరీన్ అనే కూతురు పుట్టినప్పుడు తండ్రికి 83, తల్లికి 34.

మోజ్ గారికి విముక్తి దొరికిందా? దొరికిందనే చెప్పాలి. 1938లో గెటిస్‌బర్గ్ యుద్ధానికి 75 ఏళ్లు నిండిన సందర్భంగా ఉభయ పక్షాల ముసలి సైనికులనూ పిలిచి, గుడారాలు వేసి, అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ వచ్చి ప్రసంగించిన సంబరానికి ఆయనా వెళ్లాడు. 17 ఏళ్లప్పుడు ఏ ఊరికి పోకుండా తప్పించుకున్నాడో 92వ ఏట ఆ ఊరికి అతిథిగా వెళ్లాడన్నమాట. తిరిగివచ్చిన కొద్ది రోజులకే కన్నుమూశాడు. సమాధి రాయి మీద అంతర్యుద్ధ సైనికుడని చెక్కారు. ఏ పక్షమో చెక్కలేదు. ఇంతకు మించిన మర్యాదపూర్వకమైన క్షమాభిక్ష ప్రపంచంలో ఏ ప్రభుత్వమూ ఇవ్వలేదు.

మిగిలింది భార్య, ఎనిమిదేళ్ల కూతురు. బడిలో ద్రోహి కూతురని పిల్లలు ఐరీన్‌ను ఏడిపించేవారు. 1943లో తల్లీకూతుళ్లిద్దరూ కౌంటీ వారి పేదల శరణాలయంలో చేరారు. ఆ తరువాత ఐరీన్ జీవితమంతా అలాంటి ఆశ్రమాల్లోనే, వృద్ధాశ్రమాల్లోనే గడిచింది. 2020 మే 31న తొంభయ్యేళ్ల వయసులో పోయేదాకా ఆమెకు నెలకు 73 డాలర్ల 13 సెంట్లు, తండ్రి చేసిన యుద్ధం తాలూకు పింఛను, వస్తూనే ఉంది. 1865లో ముగిసిన యుద్ధానికి అమెరికా ఖజానా కట్టిన ఆఖరి బాకీ అదే. పత్రికలు అప్పట్లో దీన్ని వింతగా రాశాయి. నాకు వింతగా తోచినది సంఖ్య కాదు. ప్రాయశ్చిత్తం చేసుకున్నవాడు సంబరాలకు వెళ్లాడు, ప్రాయశ్చిత్తానికి పనికివచ్చినవాళ్లు శరణాలయానికి వెళ్లారు. ఇంత శుభ్రమైన శ్రమ విభజనను మన ఆర్థికవేత్తలు ఇంకా గమనించకపోవడం విచారకరం.

ఇంకొక ఉదాహరణ కూడా ఉంది, కాని దాన్ని సుబేదారు గారికి చూపించవద్దని మనవి. మిస్సోరీ రాష్ట్రంలో జేమ్స్ బోలిన్ అనే ముసలి సైనికుడికి హెలెన్ జాక్సన్ అనే పొరుగు పిల్ల ఇంటి పనుల్లో సాయం చేసేది. ఆయన దగ్గర ఇవ్వడానికి డబ్బు లేదు. ఊరికే సాయం పొందడానికి మనసు ఒప్పక, తన తరువాత పింఛనైనా దక్కుతుందని, 1936లో ఆమెను పెళ్లి చేసుకున్నాడు. ఆయనకు 93, ఆమెకు 17. ఆ అమ్మాయి పుట్టింట్లోనే ఉండిపోయింది, పనికి మాత్రం యథాప్రకారం వచ్చి వెళ్లేది. 1939లో ఆయన పోయాడు. పింఛనుకు దరఖాస్తు పెడితే నీ పరువు తీస్తానని ఆయన కూతురొకామె హెలెన్ను బెదిరించిందట. హెలెన్ ఆ పింఛను ఎన్నడూ తీసుకోలేదు, మళ్లీ పెళ్లీ చేసుకోలేదు, సుమారు ఎనభయ్యేళ్ల పాటు ఈ పెళ్లి సంగతి బయటికి చెప్పనూ లేదు. 2020 డిసెంబరులో 101వ ఏట చనిపోయింది. బోలిన్ గారు తనను ఉద్ధరించమని ఆమెను అడగలేదు. చేసిన పనికి జీతం ఎలా ఇవ్వాలా అని మాత్రమే ఆలోచించాడు. మన సిద్ధాంతానికి ఇటువంటి మనిషి బొత్తిగా పనికిరాడు.

మన దేశానికి వస్తే, చట్టం సుబేదారు గారి పట్ల చాలా దయగా ఉంది. ఒకప్పుడు రిటైరయ్యాక చేసుకున్న పెళ్లిలోని భార్యకు కుటుంబ పింఛను ఉండేది కాదు. 1989లో సుప్రీంకోర్టు ఆ తేడా చెల్లదని చెప్పింది, అది న్యాయమే. పింఛను మనిషి చేసిన సేవకు వస్తుంది, పెళ్లి ముహూర్తానికి కాదు. కాబట్టి సుబేదారు గారు అరవై మూడో ఏట చేసుకున్నా, డెబ్బై మూడో ఏట చేసుకున్నా ఆయన తరువాత ఆవిడకు సాధారణ కుటుంబ పింఛను, అంటే మామూలుగా ఆఖరి జీతంలో 30 శాతం, 9,000 రూపాయలకు తక్కువ కాకుండా, కరువు భత్యంతో సహా వస్తుంది. వైద్యానికి మాజీ సైనికుల ఆరోగ్య పథకమైన ఈసీహెచ్‌ఎస్ కార్డు, సరుకులకు క్యాంటీను కార్డు కూడా. అంగన్‌వాడీ టీచరు కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చున్నప్పుడు ఆవిడ మనసులో ఈ లెక్క ఉంటే తప్పు పట్టేవాడు తన ఇంటి లెక్కలు ఎన్నడూ చూసుకోనివాడై ఉండాలి.

కానీ ఇదే ప్రభుత్వం ఇదే పెళ్లిని అవతలి వైపు నుంచి ఎలా చూసిందో చూడండి. శౌర్య పతకాలు పొందిన సైనికులకు ఇచ్చే నెలసరి భత్యం వారి తరువాత భార్యకు వస్తుంది. 1995 నాటి ఉత్తర్వు ప్రకారం ఆ వితంతువు మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆ భత్యం ఆగిపోయేది. ఒక్క మినహాయింపు ఉంది: పోయిన భర్త తమ్ముణ్ణో అన్ననో చేసుకుంటే ఆగదు. భర్త యుద్ధంలో పోయిన ఇరవై రెండేళ్ల పిల్ల తన బతుకు తాను చూసుకుంటే అది ఖజానాకు నష్టం, మరిదిని చేసుకుంటే ఇంటి సొమ్ము ఇంట్లోనే ఉన్నట్టు. ఈ షరతును తీసివేయడానికి 2017 నవంబరు దాకా పట్టింది. సాధారణ కుటుంబ పింఛను నేటికీ వితంతువు మళ్లీ పెళ్లి చేసుకునేంత వరకే. పిల్లలు లేనివారికి కొన్ని ఆదాయ షరతుల మీద మినహాయింపు ఉంది. ముసలి సైనికుడు పెళ్లి చేసుకుంటే పింఛను పుడుతుంది, సైనికుడి భార్య పెళ్లి చేసుకుంటే పింఛను చస్తుంది. ప్రాయశ్చిత్తం అనే సదుపాయం ఏ లింగానికి మంజూరైందో ఇంతకంటే తేటగా ఏ గెజిట్ చెప్పగలదు?

ఈ నేపథ్యంలో రక్షణ మంత్రిత్వ శాఖలోని మాజీ సైనికుల సంక్షేమ విభాగం వారికి కొన్ని సూచనలు చేయదలచుకున్నాను. ప్రాయశ్చిత్త కల్యాణాన్ని ప్రత్యేక పద్దు కింద గుర్తించాలి. అందుకు దరఖాస్తు చేసే మాజీ సైనికుడు జాయింట్ ఫొటోతో పాటు మొదటి భార్య గురించి ఒక పేజీ వివరణ సొంత దస్తూరీతో రాయాలి. అందులో ఆమె పుట్టిన రోజు, ఆమెకు పడని మందు, ఆమె చివరిసారి కొత్త చెప్పులు కొన్న సంవత్సరం వంటి సంగతులుండాలి. పోస్టింగుల పేర్లు రాస్తే దరఖాస్తు తిరస్కరించాలి. వివరణను జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం వారు కాక ఆమె చెల్లెలు గానీ, తోడికోడలు గానీ పరిశీలించి సంతకం చేయాలి. ఆపై వధువుకు కూడా సర్వీసు పుస్తకం తెరవాలి. సూదులు, రాత్రి డ్యూటీలు, ఇస్త్రీ, ఒకే యుద్ధ కథను ఎనభయ్యోసారి మొదటిసారి విన్నట్టు వినడం, వీటన్నిటినీ ఫీల్డ్ సర్వీసుగా నమోదు చేసి, కఠిన ప్రాంతాల భత్యం చెల్లించాలి. సియాచిన్‌లో ఉన్నవాణ్ణి కొన్నాళ్లకు కిందికి దించుతారు. డెబ్బై ఏళ్ల మధుమేహ రోగి పక్కన ఉన్నదాన్ని ఎప్పుడు దించుతారో ఏ నిబంధనా చెప్పడం లేదు.

అపార్థానికి తావివ్వకుండా ఒక మాట చెప్పాలి. అరవై ఏళ్లవాడు పెళ్లి చేసుకోకూడదని ఈ వ్యాసం వాదించడం లేదు. రాత్రి పూట ఇంట్లో మరో మనిషి దగ్గు వినిపించాలనుకోవడం నేరం కాదు. సుబేదారు గారు ‘నాకు ఒంటరిగా భయంగా ఉంది, వంట రాదు, మాట్లాడేవాళ్లు లేరు, బదులుగా నా పింఛను, నా ఇల్లు, నా చేతనైన చాకిరీ ఇస్తాను’ అని చెప్పి ఉంటే, ఆ బేరంలో దాపరికం లేదు గనుక నేనే వెళ్లి అక్షింతలు వేసి వచ్చేవాణ్ణి. గొడవంతా ఆయన తగిలించుకున్న బోర్డుతోనే. పెళ్లి అనుకుంటే ఇద్దరికీ హక్కులుంటాయి, ప్రాయశ్చిత్తం అనుకుంటే ఒకరు భక్తుడవుతారు, రెండోవారు గుడి మెట్లవుతారు. పైగా ఆ బోర్డు చూసి ఊరంతా చప్పట్లు కొడుతుంటే, వచ్చిన ఆడమనిషి ఒక పూట విసుక్కున్నా పుణ్యకార్యానికి అడ్డుపడినదవుతుంది.

వీధిలో ఇతరుల స్పందన కూడా ప్రోత్సాహకరంగానే ఉంది. ముప్పై ఏళ్లు దుబాయిలో ఉండి వచ్చిన ఒకాయన, లారీ మీద దేశమంతా తిరిగిన మరొకాయన తమకు కూడా ఈ పద్దు కింద అర్హత ఉంటుందా అని నన్ను అడిగారు. సైన్యం అనే పదం ఉంటే ఊరు ఎక్కువ కన్నీళ్లు పెట్టుకుంటుంది, మీకు అంత రాకపోవచ్చని నిజాయతీగా చెప్పాను. భార్యలు బతికే ఉన్నారు కదా, నేరుగా వాళ్ల దగ్గరే తీర్చుకోవచ్చు కదా అని కూడా అన్నాను. ఇద్దరికీ ఏదో పని గుర్తొచ్చింది.

అంగన్‌వాడీ టీచరు నుంచి వారం తరువాత పెళ్లిళ్ల పేరయ్య ద్వారా జవాబు వచ్చింది. రూళ్ల నోటుబుక్కు కాగితం మీద, పిల్లలకు పలక మీద రాసినంత స్పష్టమైన గుండ్రటి అక్షరాలతో రాసి పంపింది. సంబంధం సమ్మతమే. పింఛను ఉత్తర్వులో పేరు ఎక్కించే కాగితాలు పెళ్లి జరిగిన నెలలోనే పంపాలి. మొదటి భార్య ఫొటో హాల్లోనే ఉండాలి, ఆమె ఆబ్దికం నాడు వంట సుబేదారు గారే చేయాలి. ఉద్యోగం తాను మానదు. పోతే, సైన్యంలో అమలులో ఉన్న ప్రకారమే తనకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల కాజువల్ లీవు కావాలి. ఆ రోజుల్లో తాను కూతురి దగ్గర ఉంటుంది, ఇన్సులిన్ ఆయనే వేసుకోవాలి, ఫోను వారానికి ఒకసారి చేస్తుంది, వీలు పడకపోతే ఉత్తరం రాస్తుంది.

అక్కగారు ఆ కాగితం రెండుసార్లు చదివి, ఇదేం ఆడది అన్నారు. సుబేదారు గారు మాత్రం కళ్లజోడు పెట్టుకుని, ప్రతి వాక్యం దగ్గరా వేలు ఆనించి చదివి, ఫొటో విషయం, వంట విషయం, ఉద్యోగం విషయం అన్నీ అంగీకారమేనని పెన్సిలుతో టిక్కు పెట్టారు. ఆఖరిదైన సెలవుల షరతు దగ్గర ఆగిపోయారు. ఆయన ఇంతవరకు జవాబు పంపలేదు. వార్షిక సెలవు సరేగానీ, కాజువల్ లీవును 15 రోజులకు తగ్గించుకునే వీలుందేమో కనుక్కోమని పేరయ్యను రెండుసార్లు పంపించారని మాత్రం తెలిసింది.